మా డాబా మీద మూడు కిలోవాట్లు

మా అమ్మాయి అమెరికాలో, డాలస్‌లో ఉంటుంది. 2024 అక్టోబరులో ఒక ఆదివారం మాతో ఫోనులో మాట్లాడుతూ మాట్లాడుతూనే, కరెంటు కంపెనీని మార్చేసుకున్నానని చెప్పింది. స్తంభాలూ అవే, తీగలూ అవే, మీటరూ అదే. బిల్లు పంపే కంపెనీ, యూనిట్ ధర మాత్రమే మారతాయట. టెక్సస్‌లో చాలా ప్రాంతాల్లో 2002 జనవరి నుంచే ఇళ్లకు ఈ వీలు ఉన్నదనీ, ఏడాది ఒప్పందానికి ఒక ధర, గడువుకు ముందే వదిలేస్తే జరిమానా ఉంటాయనీ, అందుకే పాత ఒప్పందం ముగిసే రోజు చూసుకుని మారాననీ వివరించింది. నేను సహకార శాఖలో ఆడిటరుగా ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. లెక్క దగ్గర నాకు ఆశ్చర్యం కలగడం అరుదు. కానీ ఇంట్లో కూర్చుని, పావుగంటలో, ఎవరి సంతకమూ లేకుండా కరెంటు కంపెనీని మార్చవచ్చన్నది మాత్రం నాకు కొత్త సంగతి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్న మా ఇంటికి అటువంటి ఎంపిక లేదు. 2003 నాటి విద్యుత్ చట్టం బయటి ఉత్పత్తిదారుల నుంచి కరెంటు కొనుక్కునే దారి తెరిచింది గాని, అది ఒక మెగావాట్‌కు, అంటే వెయ్యి కిలోవాట్లకు, పైబడి వాడే పెద్ద వినియోగదారుల కోసం. 2022లో వచ్చిన హరిత విద్యుత్ నిబంధనలు ఆ హద్దును 100 కిలోవాట్లకు దించాయి. మా ఇంటి లోడు రెండు కిలోవాట్లు. ఆ లెక్కన, మాలాంటి ఇంటివాడు తన కరెంటు ఎక్కడి నుంచి రావాలో తానే నిర్ణయించుకోగల చోటు ఒక్కటే మిగిలింది: సొంత డాబా. ఆ ఆదివారం సాయంత్రమే ఇంటి డాబా మీద సౌర ప్యానెళ్లు పెట్టించుకునేవారికి కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వివరాలు చదవడం మొదలుపెట్టాను. కేంద్ర మంత్రివర్గం 2024 ఫిబ్రవరి 29న ఆమోదించిన ఆ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18,000, అంటే మొత్తం మీద 78,000 రూపాయల వరకు రాయితీ లభిస్తుంది. మూడు దాటితే ఎంత పెట్టినా రాయితీ అంతే.

దరఖాస్తుకు ముందుగా కావలసినది సర్వీసు నంబరు. బిల్లు తీసి నంబరు ఎక్కించగానే తెర మీద వినియోగదారు పేరు వచ్చింది. అది నా పేరు కాదు, మా నాన్నగారి పేరు.

నాన్నగారు 2011లో కాలం చేశారు. ఇల్లు నా వాటాకు వచ్చినట్టు రిజిస్టరైన పంపకాల దస్తావేజు ఉంది. కార్పొరేషన్‌లో ఇంటి పన్ను నా పేరుకు మార్పించుకున్నాను. కుళాయి పన్నూ మార్పించుకున్నాను. కరెంటు బిల్లు మాత్రం పదమూడేళ్లుగా చూస్తూనే ఉన్నాను, కడుతూనే ఉన్నాను, పేరు సంగతి పట్టించుకోలేదు. ఆ సర్వీసు తీసుకున్నప్పుడు అది విద్యుత్ బోర్డు. 1999లో బోర్డు విడిపోయింది, 2000లో మా జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థ కిందికి వెళ్లింది, 2020లో కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలతో మధ్య ప్రాంత పంపిణీ సంస్థ మన ఊళ్లోనే ఏర్పడింది. నేను కంపెనీని మార్చకపోయినా కంపెనీ తనంతట తానే పేరు మార్చుకుంటూ వచ్చింది. దాని కింద మా నాన్నగారి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఊళ్లో సొసైటీల పుస్తకాల్లో చనిపోయిన సభ్యుల పేర్లు తీసేయలేదని ఎన్ని నివేదికలు రాశానో నాకే తెలియదు.

సర్వీసు పేరు మార్పిడి కష్టమైన పని కాదు, కాకపోతే దానికి కావలసిన కాగితాలు ఒక్కచోట ఉండవు. మరణ ధ్రువపత్రం, పంపకాల దస్తావేజు నకలు, తాజా ఇంటి పన్ను రశీదు, ఆధార్, స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించిన పూచీకత్తు పత్రం సిద్ధం చేసుకున్నాను. దస్తావేజు ఉన్నా సరే, రేపు ఎవరూ మాట అనకుండా తోబుట్టువుల నిరభ్యంతర పత్రం కూడా జతచేస్తే మంచిదని మీసేవ కేంద్రంలో కుర్రవాడు సలహా ఇచ్చాడు. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు. కాగితం కొరియరులో పంపితే సంతకం చేసి తిప్పి పంపాడు, ఏమిటీ అని కూడా అడగలేదు. అక్కయ్య తెనాలిలో ఉంటుంది. ఆవిడ దగ్గరికి స్వయంగా వెళ్లాను.

అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. చదివి, "ఒరేయ్, నాన్న పేరు తీసేయిస్తున్నావా?" అంది. ఆస్తి గొడవ ఏమైనా మనసులో ఉన్నదేమోనని నేను ఒక్క క్షణం తడబడి, దస్తావేజు సంగతి, రాయితీ సంగతి గబగబా చెప్పబోయాను. ఆవిడ చేయి అడ్డం పెట్టి, "అది కాదురా, ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ బిల్లు ఫ్రిజ్ మీద కనిపిస్తుంది. నెలనెలా నాన్న పేరు అచ్చయి వచ్చే కాగితం ఇంక అదొక్కటే కదా" అంది. ఆ మాట నాకు ఎప్పుడూ తట్టలేదు. సంతకం చేసి, చివరి బిల్లు తనకు తెచ్చి ఇవ్వాలని షరతు పెట్టింది. 2024 డిసెంబరులో వచ్చిన ఆ బిల్లు ఇప్పుడు తెనాలిలో, దేవుడి గూట్లో ఉంది.

పేరు మారింది గాని, మారిన పేరు సరిగ్గా ఉన్నదా అన్నది మరో ప్రశ్న. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరొకచోట ఒక్క అక్షరంగా, ఇంకొకచోట ఆ అక్షరం వెనక్కి పోయి ఉంటుంది. నా ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం చివర ఉంది. రాయితీ సొమ్ము జమ కావాలంటే సర్వీసు మీద ఉన్న పేరూ, బ్యాంకు ఖాతాలో పేరూ ఒకే మనిషివని యంత్రానికి నమ్మకం కలగాలి. కాబట్టి సర్వీసు దరఖాస్తులో ఆధార్‌లో ఉన్నట్టే రాసి, ఆ తరువాత బ్యాంకుకు వెళ్లి అక్కడి పేరునూ అలాగే మార్పించాను. అక్టోబరులో మొదలుపెట్టిన ఈ పేర్ల పని జనవరి మొదటి వారానికి ముగిసింది. డాబా మీద అసలు పని రెండున్నర రోజులు పట్టింది.

అమర్చేవారి ఎంపిక గురించి కొంత చెప్పాలి. పథకం జాబితాలో ఉన్న ముగ్గురిని పిలిపించి ధరలు తీసుకున్నాను. ఒకాయన మిగిలిన ఇద్దరికంటే దాదాపు ముప్పై వేలు తక్కువ చెప్పాడు. అంత తేడా ఎందుకు వచ్చిందని రెండుసార్లు గుచ్చి అడిగితే, ప్యానెళ్లు విదేశీ సెల్స్‌తో, అంటే వెలుతురును కరెంటుగా మార్చే చిన్న పలకలతో, చేసినవని తేలింది. ఈ పథకంలో రాయితీ కావాలంటే ప్యానెలూ, అందులోని సెల్స్ రెండూ దేశంలోనే తయారై ఉండాలి. అంటే ముప్పై వేలు మిగుల్చుకోబోయి 78,000 పోగొట్టుకునేవాణ్ణన్నమాట. రాతపూర్వకంగా ప్యానెల్ రకం, వాటి ధ్రువపత్రం, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ వారంటీ, ఎర్తింగ్ గుంతల సంఖ్య రాసిచ్చిన రెండో ఆయనను ఎంచుకున్నాను. డాబాకు ఎనిమిది అడుగుల ఎత్తున, ప్యానెళ్లను మోసే స్ట్రక్చర్ వేయించినందువల్ల మొత్తం 2,08,000 రూపాయలైంది. తక్కువ వడ్డీకి, తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరుకుతుంది గాని నేను డిపాజిట్ ఒకటి రద్దు చేసి కట్టాను.

ఆ ఎత్తు మా ఆవిడ కోరిక. మొదట అనుకున్న నమూనాలో ప్యానెళ్లు నేలకు రెండడుగుల ఎత్తునే వచ్చేవి. "ఏమండీ, మరి నా వడియాలు ఎక్కడ పెట్టుకోవాలి? ఆవకాయ ముక్కలు ఎక్కడ ఆరబెట్టుకోవాలి?" అని ఆవిడ అడిగినప్పుడు, కరెంటు ఆదా లెక్క చూపించబోయి అభాసుపాలయ్యాను. ఎత్తు పెంచితే డాబా మిగిలింది, కానీ కింద నీడ. నీడలో వడియాలు ఎండవు. చివరకు తూర్పు పిట్టగోడ పక్కన అయిదడుగుల మేర వదిలి, ప్యానెళ్లను పడమటికి జరిపాము. అలా జరపడంతో పక్కింటి కొబ్బరి చెట్టు నీడ మధ్యాహ్నం మూడు తరువాత ఒక ప్యానెల్ అంచు మీద పడసాగింది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా, ఒకే వరుసలో కలిపి ఉన్నందువల్ల ఆ వరుస మొత్తం ఉత్పత్తి తగ్గుతుందని అప్పుడే తెలిసింది. పక్కింటివారు పెద్ద మనసుతో నాలుగు మట్టలు కొట్టించారు.

ఆన్‌లైన్ దరఖాస్తు మాత్రం నేను భయపడినంత పని కాదు. 2024 ఫిబ్రవరిలో సవరించిన నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన అవసరం లేకుండానే అనుమతి లభించినట్టు భావిస్తారు. లోడు పెంచవలసి ఉంటే అదీ అందులో భాగంగానే జరుగుతుంది. మాకు రెండు నుంచి మూడు కిలోవాట్లకు పెరిగింది. స్థిర ఛార్జీ కిలోవాట్‌కు నెలకు పది రూపాయలు కాబట్టి ఆ భారం పదే.

2025 ఫిబ్రవరి రెండో వారంలో పనివాళ్లు వచ్చారు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. ఒక్కొక్కటి ఏడున్నర అడుగుల పొడవు, పాతిక కిలోలకు పైగా బరువు. మా మెట్లు ఇరుకు కాబట్టి వాటిని తాళ్లు కట్టి వీధి వైపు నుంచి పైకి లాగారు. ఆ అరగంటసేపు వీధిలో రాకపోకలు ఆగిపోయి, చూసేవాళ్లందరూ తలా ఒక సలహా చెప్పారు. మన ఊరి అక్షాంశం పదహారున్నర డిగ్రీలు కాబట్టి దక్షిణం వైపుకు దాదాపు పదిహేను డిగ్రీల వాలు పెట్టారు. ఎర్తింగ్ దగ్గర మాత్రం వాళ్లు రెండు గుంతలతో సరిపెట్టబోయారు. ప్యానెళ్ల వైపు ఒకటి, ఇన్వర్టర్ నుంచి ఇంటికి వచ్చే వైపు ఒకటి, పిడుగు నిరోధకానికి విడిగా ఒకటి, మొత్తం మూడని ఒప్పందంలో ఉంది. పెరట్లో పారిజాతం చెట్టు పక్కన మూడో గుంత తవ్వేదాకా నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. ఆడిటరు ఉద్యోగంలో అలవాటైన పని అది.

చివర్లో ఒక కుర్రవాడు నన్ను ప్యానెళ్ల పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. ఇంటి యజమాని, ప్యానెళ్లు, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు ఒకే ఫోటోలో ఉండాలట. పంచెలో ఉన్నానయ్యా అంటే, "పర్లేదు అంకుల్, మొహం కనపడితే చాలు" అన్నాడు. మొహం బాగానే కనపడింది. తేడా వచ్చింది మరో చోట: ప్యానెళ్ల వరుస సంఖ్యలు ఎక్కించేటప్పుడు అమర్చిన సంస్థ మనిషి ఒకదానిలో ఎనిమిది బదులు మూడు కొట్టాడు. అప్పటికి అది ఎవరికీ కనపడలేదు. కరెంటు సెక్షన్ ఆఫీసు నుంచి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు వచ్చి చూసి, ఫిబ్రవరి చివరికి రెండు వైపులా లెక్క చూపే నెట్ మీటరు పెట్టించారు. తరువాత రాయితీ కోరికను పంపితే సంఖ్యలు సరిపోలడం లేదని తిరిగివచ్చింది. నేను భూతద్దం పట్టుకుని, కింద నుంచి పైకి చూస్తూ, ఆరు ప్యానెళ్ల సంఖ్యలూ కాగితం మీద రాసుకుని పోల్చాక గాని తప్పు దొరకలేదు. ఆ దిద్దుబాటు కోసం ఆ సంస్థకు పదకొండుసార్లు ఫోను చేశాను. సొమ్ము కట్టేదాకా రోజూ వాళ్లే చేసేవారు. ఏప్రిల్ మూడో వారంలో 78,000 రూపాయలు ఖాతాలో జమ అయ్యాయి. నికరంగా నా చేతి నుంచి పోయినది 1,30,000.

ఇక బిల్లు. మీటరు రీడింగు తీసే అబ్బాయి మొదటి నెల నా కోసం ఆగి, ఒక్కొక్క అంకె చూపించాడు. మే నెల లెక్క ఇక్కడ ఇస్తాను. ప్యానెళ్లు ఉత్పత్తి చేసినవి 352 యూనిట్లు. అందులో పగటిపూట ఇంట్లోనే ఖర్చయినవి పోగా బయటికి పంపినవి 208. రాత్రిళ్లు, ముఖ్యంగా ఏసీకి, బయటి నుంచి తీసుకున్నవి 271. అంటే మా అసలు వాడకం 415 యూనిట్లు, బిల్లుకు ఎక్కినవి 63. మన రాష్ట్రంలో ఇళ్ల ధరలు మెట్లు మెట్లుగా ఉంటాయి: మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఈ లెక్కన 415 యూనిట్లకు ఒక్క కరెంటు ధరే 2,694 రూపాయల 50 పైసలయ్యేది. 63 యూనిట్లకు 156 రూపాయలైంది. స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం, అవి ఎలాగూ తప్పవు.

ఈ మెట్ల లెక్కలో ఒక కిటుకు ఉంది. ప్యానెళ్లు తగ్గించేది పై మెట్టు నుంచి. ముందుగా పోయేవి 9.75, 8.75 రూపాయల యూనిట్లు. నేను రెండు కిలోవాట్లే పెట్టించి ఉంటే ఆ నెల సుమారు 235 యూనిట్లు వచ్చి, మిగిలిన 180 యూనిట్లకు 747 రూపాయలయ్యేవి. అంటే మొదటి రెండు కిలోవాట్లు దాదాపు 1,950 ఆదా చేస్తే, మూడోది 590 చేసిందన్నమాట. నెలకు రెండు వందల యూనిట్లు కూడా దాటని ఇంటికి మూడు కిలోవాట్లు పెట్టమని ఎవరైనా తొందరపెడితే, ఈ లెక్క ఒక కాగితం మీద వేసి చూపించమని అడగాలి.

మేలో నన్ను తికమక పెట్టినది ఉత్పత్తి. ఎండలు మండిపోతున్నాయి కదా, మీటరు గిరగిర తిరుగుతుందని ఊహించుకున్నాను. మార్చిలో 372 యూనిట్లు వచ్చిన చోట మేలో 352 వచ్చాయి. ప్యానెల్‌కు కావలసినది వెలుతురు, వేడి కాదు. అద్దం ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటిన తరువాత ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి ఒక శాతంలో మూడో వంతు మేర తగ్గుతుంది. మన మే మధ్యాహ్నం డాబా మీద అద్దం అరవై దాటుతుంది. ఎండకు పేరుపడ్డ బెజవాడలో ఆ ఎండే అడ్డం రావడం చూసి, మా ఆవిడ మాత్రం, తన వడియాలకు అటువంటి పట్టింపులేవీ లేవని అన్నది.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం పన్నెండున్నరకు కరెంటు పోయింది. వీధి చివర తీగ మారుస్తున్నారు. సరే, మనకేమని నేను నిబ్బరంగా కూర్చున్నాను, ఫ్యాను ఆగిపోయింది. పైకి వెళ్లి చూస్తే ప్యానెళ్ల మీద ఎండ కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది, ఇన్వర్టర్ మీద ఎర్రదీపం వెలుగుతోంది. ఎదురింటాయన అరుగు మీద నుంచి, "ఏమండీ ఆడిటరు గారూ, సూర్యుడు కూడా సెలవు పెట్టాడా?" అన్నాడు. సాయంత్రం లైన్‌మన్ కనపడితే అడిగాను. అతను నవ్వి, "సార్, మేం ఎల్‌సీ, అంటే లైన్లో సరఫరా ఆపామన్న అనుమతి, తీసుకుని స్తంభం ఎక్కుతాం. లైన్లో కరెంటు లేదనే ధైర్యంతో చెయ్యి పెడతాం. అప్పుడు మీ డాబా మీంచి కరెంటు వచ్చిందనుకోండి, నా పరిస్థితి ఏంటి?" అన్నాడు. బయట సరఫరా ఆగిన వెంటనే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయేలా చేసేది అందుకేనట. బ్యాటరీ ఉన్న రకం వేరే ఉంది, ఖర్చు చాలా ఎక్కువ. ఈ ఒక్క విషయం అమ్మేవాళ్లు ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు, నాకు అడగాలని తోచనూ లేదు.

పోషణ పెద్దగా లేదు. పదిహేను రోజులకొకసారి తెల్లవారకముందే, అద్దం చల్లగా ఉన్నప్పుడు, పొడుగాటి కర్రకు గుడ్డ కట్టి మామూలు నీళ్లతో తుడుస్తాను. కాలిన అద్దం మీద మధ్యాహ్నం చన్నీళ్లు పోయకూడదు. డిసెంబరులో ఏసీ లేదు కాబట్టి వాడకం 210 యూనిట్లకు దిగింది, ఉత్పత్తి 318 వచ్చింది. ఆ మిగులు తరువాతి నెల లెక్కకు జమగా వెళ్లింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. నేను ఏడు నెలలు ముందే కొన్నాను. ఆ వార్త పేపర్లో చూసిన రోజు మా ఆవిడ కంట పడకుండా మడిచి పెట్టాను.

మొన్న సంక్రాంతికి గుంటూరు నుంచి మా బావమరిది వచ్చాడు. డాబా ఎక్కి, ప్యానెళ్ల కింద నీడలో నిలబడి, స్ట్రక్చర్ ఊపి చూసి, "బావగారూ, నేనూ పెట్టించేస్తాను. మీకు పెట్టినవాళ్ల నంబరు ఇవ్వండి" అన్నాడు. నంబరు తరువాత ఇస్తాను గాని, ముందు మీ కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందని అడిగాను. నా పేరునే ఉంటుంది, ఇల్లు నాదేగా అంటూనే, ఎందుకైనా మంచిదని ఇంటికి ఫోను చేసి బిల్లు ఫోటో పంపమన్నాడు. ఫోటో వచ్చింది. తెరను వేళ్లతో పెద్దది చేసి చూశాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"మా తాతగారి పేరండీ," అన్నాడు.